ముసురు పట్టకముందే

జూలై సాయంత్రం. హైదరాబాద్ అశోక్‌నగర్ సందులో సన్నగా తుంపర. కోచింగ్ క్లాసు ఇప్పుడే వదిలారు. గ్రూప్స్ పిల్లలు జిరాక్స్ కట్టలు చొక్కాల్లో దాచుకుని, తలలు తడుపుకుంటూ పోతున్నారు. మీ హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, ఒకటే కిటికీ. వానకు అదీ మూసేశారు. పక్క మంచం అబ్బాయి పొద్దుట్నుంచీ తుమ్ముతున్నాడు. రేపో ఎల్లుండో మిగతా ముగ్గురి వంతు.

మన దగ్గర ఫ్లూ చలికాలం దాకా ఆగదు. సంక్రాంతి దాటాక ఓ విడత, వానల్లో ఓ విడత. 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు తేలిందీ ఈ ఊళ్లోనే. గదికో మందుల డబ్బా సర్దాలంటే ఇదే అదను.

చిక్కడపల్లి మార్కెట్లో కిరాణా కొట్టు ముందు నిలబడగానే ఫోను. అమ్మ. "శొంఠి పొడి వద్దు నాన్నా, కొమ్ములే తీసుకో. విరిచి చూడు." విరిచారు. టక్కున విరిగింది, లోపల పుచ్చు లేదు, ఘాటు ముక్కుకు తగిలింది. మిరియాలు, వాము కూడా పొట్లం కట్టించుకున్నారు. హాస్టల్ కెటిల్లో కషాయం కాగుతుందా అన్న సందేహం అమ్మకు రాలేదు, మీరూ ఎత్తలేదు.

మెట్రో స్తంభాల కిందుగా నారాయణగూడ దాకా నడిచారు. మెడికల్ షాపు గాజు పెట్టెలో అమృతాంజనం, పక్కనే జిందా తిలిస్మాత్. మొదటిది 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో మొదలుపెట్టింది. తర్వాత ఆంధ్రపత్రిక పెట్టారాయన. పత్రిక తెచ్చే తలనొప్పికి మందు ముందే తయారుగా పెట్టుకున్నారన్నమాట. రెండోది 1920 నుంచి ఈ ఊరిదే, కార్ఖానా అంబర్‌పేటలో. సీసా మూత తిప్పితే నీలగిరి వాసన కౌంటరు దాటి వస్తుంది. ఇవి జలుబును తగ్గించవు. ముక్కు తెరుచుకున్నట్టనిపిస్తుంది, నిద్ర పడుతుంది. ఆ మాత్రం చాలు.

"జలుబు గోలీలు, జ్వరం గోలీలు ఇవ్వన్నా." రెండు స్ట్రిప్పులు పడ్డాయి. వెనక్కి తిప్పి చూడండి. జలుబు గోలీలోనూ పారాసిటమాల్ ఉంది, 500 మిల్లీగ్రాములు. రోజుకు అవి మూడు, జ్వరం గోలీలు 650వి నాలుగు వేసుకుంటే 4,100. పెద్దవాళ్లు ఇరవై నాలుగు గంటల్లో 4,000 దాటకూడదు. ఒక స్ట్రిప్పు వెనక్కిచ్చేశారు. దాని బదులు డిజిటల్ థర్మామీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మాస్కులు.

వెనకనుంచి ఒకబ్బాయి చెయ్యి చాచాడు. "అన్నా, అజిత్రో ఒక స్ట్రిప్."

"చీటీ ఉందా?"

"పోయినసారి దాంతోనే తగ్గిందన్నా."

"తగ్గేదే తగ్గింది తమ్మీ. అది యాంటీబయాటిక్, వైరస్‌కు పనిచెయ్యదు."

అబ్బాయి పక్క షాపు వైపు చూశాడు. అక్కడ చీటీ అడగరేమోనని ఆశ కాబోలు.

షాపాయన థర్మామీటరు బటన్ నొక్కి, కూత విని, మీ చేతికిచ్చాడు. చిల్లర లెక్కపెడుతూ అన్నాడు: "మూడు దినాలైనా జ్వరం దిగకున్నా, ఆయాసమొచ్చినా గోలీలేసుకుంట కూసోకు. నల్లకుంట ఫీవర్ దవాఖాన్ల చూపెట్టుకో."