కనబడే శ్రమ, కనబడని మనుషులు

మొన్న తరగతిలో ఒక విద్యార్థి నన్నడిగాడు: “రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. కూలీల చరిత్రకు ఏమున్నాయండీ?” సాహిత్యం వుందని చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు చాలదని నాకూ తెలుసు. ఆ లోటును కలంతోనూ కెమెరాతోనూ పూడ్చడానికి మూడు దశాబ్దాలకు పైగా శ్రమిస్తున్న పి. సాయినాథ్ కృషిని ఇక్కడ పరిశీలించదలచాను.

సాయినాథ్ 1957లో మద్రాసులో జన్మించారు. రాష్ట్రపతిగా పనిచేసిన వి. వి. గిరికి మనుమడు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, 1980లో పత్రికారంగంలో ప్రవేశించారు. బొంబాయి ‘బ్లిట్జ్’ వారపత్రికలో ఉపసంపాదకులుగా పనిచేశారు. 1993లో ఒక ఫెలోషిప్ లభించగా నగరాన్ని విడిచి పలామూ, కలహండి, మల్కన్‌గిరి, సర్గుజా, రామనాథపురం వంటి అతి పేద జిల్లాలకు వెళ్ళారు. దాదాపు లక్ష కిలోమీటర్ల ప్రయాణం; అందులో 5,000 కిలోమీటర్లు కాలినడక!

ఆ ప్రయాణ ఫలితమే 1996లో వెలువడిన గ్రంథం. మంచి కరువంటే అందరికీ ఇష్టమేనని దాని పేరుకు అర్థం. వాన కురవకపోవడం ప్రకృతి చేసే పని కావచ్చు. కాని కరువు సహాయ నిధులు కాంట్రాక్టర్లకు, వడ్డీవ్యాపారులకు మూడవ పంటగా మారడం మనుషులు చేసే పని. దారిద్ర్యం ఒక దుర్ఘటన కాదు, నిత్యం జరుగుతూవుండే ఒక ప్రక్రియ అని ఈ గ్రంథం నిరూపిస్తుంది.

1993 నుండి 2002 వరకు పది రాష్ట్రాలలో తీసిన ఛాయాచిత్రాలతో గ్రామీణ స్త్రీల శ్రమపై ఆయన ఒక ప్రదర్శన నిర్మించారు. కళామందిరాలకన్న కర్మాగారాల ముందు, బస్టాండ్లలో, వ్యవసాయ కూలీల సభల్లో దానికి చోటు దొరికింది. ఒక బొమ్మలో ఒరిస్సానుండి వలసవచ్చిన స్త్రీలు, ఆంధ్రదేశపు ఇటుకబట్టీలో, 49 డిగ్రీల ఎండలో, వేడి ఇటుకలు నెత్తిన మోస్తూ వట్టికాళ్ళతో ఏటవాలు పలకల మీద నడుస్తుంటారు. వారి కూలి రోజుకు పది, పన్నెండు రూపాయలు. మగవారికి అంతకన్న ఎక్కువ. మరొక బొమ్మ విజయనగరంలోది. వంగి పనిచేస్తున్న స్త్రీ క్షణకాలం కెమెరావైపు చూసింది గాని నడుము ఎత్తలేదు.

ఈ చిత్రాలలో జాలి లేదు, కూలి లెక్క వుంది. అదే వాటి బలం. అయినా ఒక లోటు చెప్పక తప్పదు. ఆ బట్టీలో నడిచే స్త్రీల పేర్లు మనకు తెలియవు. శ్రమ కనబడింది, మనిషి సగమే కనబడింది.

ఆ లోటు 2022లో వచ్చిన ‘ది లాస్ట్ హీరోస్’లో తీరింది. అందులో ప్రతి అధ్యాయానికీ ఒక పేరు, ఒక ముఖం, ఒక గొంతు వున్నాయి. వడిసెల పట్టిన మల్లు స్వరాజ్యం వుంది. ఆ పుస్తకం వెలువడేనాటికి ఆమె మన మధ్య లేదు. పురూలియాలో అజ్ఞాత వీరులకు వండిపెట్టి, తనకు పోరాటంతో సంబంధమే లేదన్న భవానీ మహతో వుంది. జైలు రికార్డో, వారంటు కాగితమో వుంటేనే సమరయోధులా? ఈ పుస్తకం అడిగే ప్రశ్న ఇదే.

భవానీ మహతో అధ్యాయం చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నల్గొండ జిల్లాలో మా నాయనమ్మ చిన్నపిల్లగా వున్నప్పుడు దళాలకు జొన్నగటక మోసుకుపోయేదట. ఎప్పుడైనా అడిగితే, “నేనేం చేసిన బిడ్డా, బువ్వ మోసిన” అనేది. తెలుగులో ఎం.ఏ. చేసిన నేను ఆ మాటను వినయమనుకున్నాను. ఏ దారిన వెళ్ళేదో, ఎవరు పంపేవారో ఒక్కనాడూ అడిగి రాసుకోలేదు. ఆమె పోయింది. రేషను కార్డు మీది బొమ్మ ఒక్కటే మిగిలింది.

2014లో సాయినాథ్ స్థాపించిన గ్రామీణ భాండాగారం ‘పరి’ తెలుగులోనూ వెలువడుతున్నది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇవ్వజూపిన పురస్కారాన్ని ఆయన నిరాకరించారు. ప్రభుత్వాలను పరిశీలించవలసిన పాత్రికేయుడు వాటి బహుమతులు తీసుకోరాదని ఆయన వాదం. ఆయనను పొగిడి వూరుకుంటే మనం చేసేదేమీ వుండదు. ఆ విద్యార్థికి ఇప్పుడు నా జవాబు ఇది: కూలీల చరిత్రకు శాసనాలు లేవు, మీ యింట్లో ముసలివారున్నారు. ఈ సెలవుల్లో వెళ్ళి అడుగు. పేరుతో సహా రాసుకో.