బేగంపేటలో విమాన నియంత్రణల పరీక్ష

విమానం రన్‌వే ఎక్కకముందే పైలట్ తన చేతిలోని కంట్రోల్ కాలమ్‌ను, కాళ్ల దగ్గరి పెడళ్లను చివరి హద్దుల దాకా కదిలించి, రెక్కల అంచున ఉండి విమానాన్ని పక్కలకు వాల్చే ఎయిలెరాన్లు, తోక మీద ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్లు, నిలువు తోకకు అమరి ముక్కును కుడి ఎడమలకు మళ్లించే రడ్డరు అనే నియంత్రణ ఫలకాలు అడ్డు లేకుండా కదులుతున్నాయా, తిరగవలసిన వైపుకే తిరుగుతున్నాయా అని చూసుకోవడాన్ని నియంత్రణల పరీక్ష అంటారు. నిమిషం కూడా పట్టని ఈ పని ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవడానికి సికింద్రాబాదును ఆనుకొని ఉన్న బేగంపేట అనువైన చోటు. పాత డకోటా విమానాల నుంచి కంప్యూటర్లతో నడిచే ఎయిర్‌బస్‌ల దాకా అన్ని తరాల పైలట్లకూ ఈ ప్రాంతంతో సంబంధం ఉంది.

పరీక్ష రాతపూర్వకమైన నియమంగా స్థిరపడడానికి కారణం అమెరికాలో జరిగిన ఒక ప్రమాదం. 1935 అక్టోబరు 30న రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ సంస్థ కొత్త బాంబర్ మోడల్ 299 నేల వదిలిన కొద్దిసేపటికే నిట్టనిలువుగా లేచి కూలిపోగా, దాన్ని నడుపుతున్న మేజర్ ప్లాయర్ హిల్, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ మరణించారు. నిలిపి ఉంచిన విమానపు నియంత్రణ ఫలకాలు గాలి తాకిడికి కొట్టుకొని దెబ్బతినకుండా బిగించే గస్ట్ లాక్ అనే తాళాన్ని తీయకుండానే బయలుదేరడం ఇందుకు కారణమని విచారణలో తేలింది. పైలట్లు అనుభవం లేనివారు కారు. అందుకే జ్ఞాపకశక్తిని నమ్ముకోకుండా చేయవలసిన పనులను కాగితం మీద రాసుకునే చెక్‌లిస్ట్ పద్ధతి అప్పటి నుంచి బలపడింది.

నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ భాగస్వాములుగా 1945లో ఏర్పడి, మరుసటి సంవత్సరం బేగంపేట కేంద్రంగా సర్వీసులు మొదలుపెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటాలు. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొంది, దేశంలో ఆ ఘనత సాధించిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్ పనిచేసిన సంస్థ ఇదే. డకోటా నియంత్రణ ఫలకాలకు గుడ్డ తొడుగు ఉండేది. కాక్‌పిట్ నుంచి వాటి దాకా, బావి గిలక మీద చేదతాడు నడిచినట్టు, ఉక్కు తీగలు కప్పీల మీదుగా సాగేవి. ఆరుబయట నిలిపి ఉంచినప్పుడు ఫలకాలకు బయటి నుంచే తాళపు బద్దలు బిగించి, అవి దూరానికి కనబడేలా ఎర్రని పట్టీలు వేలాడదీసేవారు. తీగ ఎక్కడ పట్టేసినా ఆ బిగువు పైలట్ చేతికి నేరుగా తెలిసేది కనుక, ఆ తరం పరీక్ష ప్రధానంగా స్పర్శకు సంబంధించినది.

1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ మరి ఏడు సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. ఆ సంస్థ తన కేంద్ర శిక్షణాలయాన్ని ఇక్కడే నెలకొల్పడంతో, దేశంలో ఏ నగరం నుంచి విమానం నడిపే ఆ సంస్థ పైలటైనా సిమ్యులేటర్ శిక్షణ కోసం ఇక్కడికి రావలసి వచ్చేది. బేగంపేట విమానాశ్రయం గురించి రాసేవారు ప్రయాణికుల కథ చెప్పినంతగా ఈ శిక్షణాలయం కథ చెప్పరు; ప్రాముఖ్యంలో అది దేనికీ తీసిపోదు.

1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు వచ్చిన ఎయిర్‌బస్ ఎ320తో పరీక్ష స్వభావమే మారింది. దీనిలో పైలట్ పక్కనున్న చిన్న సైడ్‌స్టిక్‌ను కదిలిస్తే విద్యుత్ సంకేతాలు కంప్యూటర్ల ద్వారా హైడ్రాలిక్ యంత్రాలకు చేరి ఫలకాలను కదిలిస్తాయి. ఫలకం పట్టేసినా చేతికి తెలియదు. కాబట్టి ఒక పైలట్ స్టిక్‌ను అన్ని వైపులా హద్దు దాకా కదిలిస్తుంటే, రెండో పైలట్ తెర మీద వచ్చే ఫలకాల బొమ్మను చూస్తూ వాటి స్థితిని పైకి చెబుతాడు. చేయి చేసిన పని కంటికి బదిలీ అయింది.

అయితే కన్ను కదలికను చూసి దిశను వదిలేయవచ్చు. 2001 మార్చి 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయలుదేరిన లుఫ్తాన్సా ఎ320లో మరమ్మతు సమయంలో తీగలు తారుమారు కావడంతో కెప్టెన్ స్టిక్ ఒకవైపు వంచితే విమానం రెండోవైపు వాలింది. బయలుదేరేముందు పరీక్ష జరిగింది కానీ, ఫలకాలు పూర్తిగా కదిలాయని చూసినవారు ఏ వైపుకు కదిలాయో గమనించలేదు. కో-పైలట్ తన స్టిక్‌తో విమానాన్ని చేతిలోకి తీసుకొని కాపాడాడు. పరీక్షనే వదిలేసిన ఉదంతం ఇంకా దారుణం. 2014 మే 31న అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ గస్ట్ లాక్ తీయకుండానే పరుగెత్తి, నేల విడవకుండానే రన్‌వే దాటి కాలిపోయి, అందులోని ఏడుగురూ మరణించారు. అంతకుముందు 175 ప్రయాణాల్లో 98 శాతం సందర్భాల్లో ఆ పైలట్లు పూర్తి పరీక్ష చేయలేదని దర్యాప్తులో బయటపడింది. 1935 నాటి తప్పే 79 ఏళ్ల తరువాత పునరావృతం కావడం చూస్తే, జాబితా రాసుకోవడం వేరు, దాన్ని పాటించడం వేరని ఒప్పుకోక తప్పదు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలవడంతో బేగంపేట నుంచి సాధారణ ప్రయాణికుల సర్వీసులు నిలిచిపోయినా, పైలట్ శిక్షణ కేంద్రంగా దాని పేరు కొనసాగింది. విద్యార్థులు శిక్షణకు విస్తృతంగా వాడే చిన్న సెస్నా విమానాల్లో కంట్రోల్ తాళం కాక్‌పిట్ లోపలే ఉంటుంది; దాన్ని బిగించినప్పుడు దానికున్న లోహపు రేకు ఇంజిన్ స్టార్ట్ చేసే స్విచ్‌ను కప్పేస్తుంది కనుక, తాళం తీయనిదే ఇంజిన్ స్టార్ట్ చేయడం కుదరదు.