పసిబిడ్డల తొడలు కందుట: దాని చరిత్ర

గ్రామపెద్దలారా! పసిబిడ్డకు పిఱుదులును తొడలును ఎఱ్ఱగా కంది, తాకినంతనే బిడ్డ గుక్కపట్టి ఏడ్చుట మీరెల్లరును చూచినదే. వ్యాధి చిన్నదే. కాని నింద తల్లిపై పడుచుండును. ఆమె మామిడిపండు తిన్నదనియు, పాలు వేడిచేసినవనియు అందురు. ఆ నింద న్యాయమా యని విచారించుటకే నేనీ చరిత్రను చెప్పుచున్నాను.

కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలు నిజాము ఏలుబడిలో నిజామాబాదు జిల్లాలోనివి. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో నేడు చేరియున్నవి. ఈ పల్లెలలో పాతచీరెల చింపులే పొత్తిగుడ్డలు. మెత్తని నూలుగుడ్డ తడిసిన వెంటనే తెలియును. పగటివేళ బిడ్డను దిసమొలతో ఆడనిచ్చుటయు కలదు. అందుచేత చర్మమునకు గాలి తగిలెడిది. అయితే చౌటిమన్నుతోనో సోడాతోనో ఉతికిన గుడ్డను చక్కగా జాడింపనిచో క్షారము అందు నిలిచి చర్మమును బాధించును.

1921లో కుక్ అను అమెరికా వైద్యుడు, మలములోని యొక సూక్ష్మజీవి మూత్రమునుండి అమ్మోనియాను పుట్టించుననియు, అదియే చర్మమును కాల్చుననియు వ్రాసెను. అర్ధశతాబ్దము వైద్యులు దానినే నమ్మిరి. 1970, 1980 దశకముల పరిశోధనలు ఆ మాటను సవరించినవి. తడిచే చర్మము నానును, గుడ్డ ఒరయును, మూత్రము క్షారగుణమును పెంచగా మలములోని జీర్ణరసములు చుఱుకెక్కి చర్మమును తినును. పిమ్మట బూజుజాతి సూక్ష్మజీవి చేరవచ్చును. ఇందు మామిడిపండునకు చోటు లేదు. పైగా తల్లిపాలు త్రాగు బిడ్డలకు ఈ బాధ తక్కువ.

1961లో అమెరికాలో పాంపర్స్ అను పాఱవేయు డయపర్లు అంగళ్లకు వచ్చెను. నేడవి మన ఊళ్లలోను దొరకును. పైకి పొడిగా తోచుటచే వానిని రాత్రియంతయు విడువక యుంచుటయే కీడు.

చికిత్స సులభము. తడిసిన వెంటనే మార్చి, గోరువెచ్చని నీట కడిగి, రుద్దక అద్ది, కొంతసేపు గాలికి విడువవలెను. జింకు ఆక్సైడు లేపనము మందముగా పూయవలెను. పొడులు చల్లరాదు, అవి బిడ్డ ఊపిరిలోనికి పోవును. ఎఱుపు ముడుతలలోనికి ప్రాకి చుట్టును చిన్న పొక్కులు లేచినను, చీముగాని జ్వరముగాని వచ్చినను, మూడు దినములలో తగ్గకున్నను వైద్యునికి చూపవలెను. వైద్యుడు చెప్పనిదే అంగడి మలాములు పూయరాదు.

ఇంటిలో మీ మాట చెల్లును. ఇకమీద బిడ్డ కందినప్పుడు కోడలేమి తిన్నదని గాక, గుడ్డ మార్చి ఎంతసేపైనదని అడుగుడు.