ఒహాయో స్టేట్ – మిషిగన్ పోరు: డిఫెన్స్ సన్నాహం

ఒహాయో స్టేట్, మిషిగన్ విశ్వవిద్యాలయాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు ఏడాదికోసారి తలపడే మ్యాచ్‌ను అమెరికాలో ‘ద గేమ్’ అంటారు. ఇటీవలి కాలంలో ఇది థాంక్స్‌గివింగ్ గురువారం వెళ్లిన శనివారం, ఒక ఏడాది మిషిగన్ ఊరైన ఆన్ ఆర్బర్‌లోనూ మరుసటి ఏడాది ఒహాయో స్టేట్ ఊరైన కొలంబస్‌లోనూ జరుగుతోంది. రెండు స్టేడియాలలోనూ లక్షకు పైగా జనం పడతారు. తొలి మ్యాచ్ 1897లో జరిగింది. 1918 నుంచి ఏటా ఆడుతూ వచ్చారు. కొవిడ్ కారణంగా 2020లో మాత్రం రద్దయింది. 1935 నుంచి, ఒకటి రెండు మినహాయింపులతో, రెగ్యులర్ సీజన్‌కు ఇదే ఆఖరి మ్యాచ్. టొలీడో పట్టణ ప్రాంతం ఎవరిదన్న విషయమై 1835లో ఒహాయో రాష్ట్రమూ, అప్పటికింకా రాష్ట్ర హోదా రాని మిషిగన్ ప్రాంతమూ సాయుధ దళాలను సరిహద్దుకు పంపుకున్నాయి. ఈ వైరానికి మూలాలు అక్కడున్నాయని చెప్పడం ఆనవాయితీ అయినా, మైదానంలోని పగకు మైదానంలోనే కావలసినన్ని కారణాలు ఉన్నాయి.

ఆఖరి మ్యాచ్ కావడం డిఫెన్స్‌కు, అంటే ప్రత్యర్థిని స్కోరు చేయనీయకుండా అడ్డుకునే పదకొండు మందికి, రెండు రకాలుగా ముఖ్యం. మొదటిది, ప్రత్యర్థి అప్పటికి ఆడిన పదకొండు మ్యాచ్‌ల వీడియో చేతిలో ఉంటుంది. రెండోది, ఏడాది చివర ఎదురయ్యేది ఎవరో జనవరిలోనే తెలుసు. అందుకే ఈ సన్నాహం ఒక్క వారంలో మొదలై ముగిసేది కాదు. 2001 జనవరిలో ఒహాయో స్టేట్ కోచ్‌గా నియమితుడైన జిమ్ ట్రెసెల్ తొలి ప్రసంగంలోనే మిషిగన్ మ్యాచ్‌కు ఇంకా 310 రోజులున్నాయని లెక్క చెప్పాడు. జిమ్ హార్బా కోచ్‌గా ఉన్నప్పుడు 2021లో మిషిగన్ జట్టు సాధనలో ‘బీట్ ఒహాయో’ అనే పేరుతో ఒక అభ్యాసాన్ని చేర్చింది. బంతితో పరుగెత్తే ఆటను ఆపడం, అదే ఆటను తాము ఆడడం, ఇవే అందులోని విషయం.

ఆట తీరు, డిఫెన్స్ అమరిక

బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని ‘డౌన్’ అంటారు. పది గజాలు దాటితే మళ్లీ నాలుగు డౌన్‌లు వస్తాయి. దాటలేకపోతే బంతి అవతలి జట్టు పరమవుతుంది. కాబట్టి డిఫెన్స్ ఆలోచన అంతా ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని గజాలు అనే రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. మూడో డౌన్‌లో ఒక్క గజమే మిగిలితే ప్రత్యర్థి బంతి పట్టుకుని దూసుకురావచ్చు, విసరనూ వచ్చు. ఎనిమిది గజాలు మిగిలితే దాదాపు తప్పకుండా విసురుతాడు. మొదటి రెండు డౌన్‌లలో పరుగును ఆపగలిగితేనే మూడో డౌన్‌లో ప్రత్యర్థి ఉద్దేశం ముందే తెలిసిపోయే స్థితి వస్తుంది. డిఫెన్స్ కోచ్‌లు పరుగు అడ్డగింతకు పెద్దపీట వేసేది ఇందుకే.

ముందు వరసలో లైన్‌మెన్, వారి వెనుక లైన్‌బ్యాకర్లు, వెనుక భాగంలో కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు ఉంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి మామూలుగా వెళ్లే నలుగురికి తోడు అదనంగా మనుషుల్ని పంపడాన్ని బ్లిట్జ్ అంటారు. ఒక్కో ఆటగాడు విసిరిన బంతిని అందుకునే ఒక్కో రిసీవర్‌ను వెంటాడితే అది మ్యాన్ కవరేజ్. ఒక్కొక్కరు మైదానంలో ఒక్కో భాగాన్ని కాస్తే జోన్ కవరేజ్. అదనపు మనిషిని ముందుకు పంపిన ప్రతిసారీ వెనుక ఒక చోటు ఖాళీ అవుతుంది. డిఫెన్స్ ప్రణాళిక అంటే ఆ ఖాళీని ఎక్కడ, ఎప్పుడు భరించాలో తేల్చుకోవడమే.

మ్యాచ్ వారం

కళాశాల క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో కోచ్‌ల ఆధ్వర్యంలో జరిగే సాధన వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు గంటలు మించకూడదు. వారంలో ఒక రోజు సెలవు తప్పనిసరి. మ్యాచ్ ఆడిన రోజును ఎంతసేపు పట్టినా మూడు గంటలుగానే లెక్కిస్తారు. ఆటగాళ్లు సొంతంగా వీడియో చూసుకునే సమయం ఈ లెక్కలోకి రాదు. సీరియస్‌గా ఆడే లైన్‌బ్యాకర్ లేదా సేఫ్టీ ఈ వారంలో అసలు పని చేసేది ఆ సమయంలోనే.

వీడియో నుంచి కోచ్‌లు రాబట్టేది ప్రత్యర్థి అలవాట్లను. ఇద్దరు టైట్ ఎండ్‌లను (అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసేవారు) దించినప్పుడు ఎన్నిసార్లు పరుగెత్తారు, రిసీవర్ ఒక పక్కనుంచి మరో పక్కకు కదిలితే తరువాత ఏం జరుగుతుంది, గోల్ దగ్గర్లో ఎవరికి బంతి అందిస్తారు, ఇలా ప్రతి సందర్భాన్నీ విడదీసి చూస్తారు. కళాశాల ఆటలో మరో లెక్క కూడా ఉంది. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతిని ఉంచే హ్యాష్ గీతలు రెండింటి మధ్య దూరం 40 అడుగులు; వృత్తిపరమైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది 18 అడుగుల 6 అంగుళాలే. బంతి ఒక గీత మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100 అడుగుల చోటు ఉంటుంది. చురుకైన సేఫ్టీని వెడల్పు పక్క ఉంచి, బలమైన వాడిని ఇరుకు పక్కకు తేవడం, బ్లిట్జ్ ఏ పక్కనుంచి రావాలో నిర్ణయించడం దీన్నిబట్టే జరుగుతాయి.

సాధారణంగా వారం మొదట్లో మొదటి, రెండో డౌన్‌ల మీద, వారం మధ్యలో మూడో డౌన్ మీద, గురువారం నాటికి గోల్‌కు చేరువలోని ఆట, చివరి రెండు నిమిషాల ఆట మీద దృష్టి పెడతారు. శుక్రవారం నడకే తప్ప ఢీకొట్టడం ఉండదు. థాంక్స్‌గివింగ్ కారణంగా ఆ వారం తరగతులు తక్కువ కాబట్టి ఆటగాళ్లకు కొంత వెసులుబాటు దొరుకుతుంది.

సాధనలో ఎదురుగా నిలబడేది ‘స్కౌట్ టీమ్’, అంటే మ్యాచ్‌లో చోటు దొరకని ఆటగాళ్ల బృందం. వారు ప్రత్యర్థి ఎత్తుగడలను కార్డుల మీద చూసి అచ్చం అలాగే ఆడాలి. రాబోయే సిరీస్‌లో ఎదురయ్యే స్పిన్నర్ శైలిలో వేసే బౌలర్‌ను నెట్స్‌కు పిలిపించుకోవడం లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ పదకొండు మందినీ అనుకరించాలి, పైగా అసలు ప్రత్యర్థి వేగాన్ని ఎవరూ అనుకరించలేరు.

డిఫెన్స్ కోఆర్డినేటర్‌కు ఈ వారంలో పెద్ద ప్రలోభం కొత్త ఎత్తుగడలు చేర్చడం. ఏడాదంతా దాచిపెట్టిన ఒకటి రెండు వింతలు ఇరు పక్షాలా ఉంటాయి. వాటికి మించితే ఆటగాళ్లు కదలడానికి బదులు ఆలోచించడం మొదలుపెడతారు. అందుకే మంచి ప్రణాళికలో చేర్చినవాటి కన్నా తీసేసినవే ఎక్కువ. ఆవేశం సంగతీ అంతే. ఒహాయో స్టేట్ ప్రాంగణంలో ఈ వారం బోర్డుల మీది ‘ఎం’ అక్షరాలన్నిటినీ ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మిషిగన్‌ను ఓడించిన ఆటగాళ్లకు ప్యాంటు ఆకారంలో చిన్న బంగారు లాకెట్టు ఇచ్చే ఆచారం 1934లో కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్ కాలం నుంచి ఉంది. ఇవన్నీ ఆటగాడిని మైదానంలోకి ఉరికిస్తాయి. కానీ క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి తనే పరుగు తీసేటప్పుడు, ఉరికే వాడే ముందు మోసపోతాడు.

సంకేతాలు

డిఫెన్స్ ఏ అమరికలోకి వెళ్లాలో మైదానం అంచునుంచి చేతి సైగలతో, బొమ్మల అట్టలతో చెప్పడం చాలాకాలం కళాశాల ఆటలో రివాజు. ప్రత్యర్థి సైగలను టీవీ ప్రసారంలో చూసి విప్పడం తప్పు కాదు. ప్రత్యర్థి ముందు ముందు ఆడే మ్యాచ్‌లకు మనిషిని పంపి గమనించడం మాత్రం 1994 నుంచి నిషిద్ధం. మిషిగన్ సిబ్బందిలో ఒకరు ఇలాంటి పని నడిపించారన్న ఆరోపణ 2023 అక్టోబరులో బయటపడింది. ఆ ఏడాది ఒహాయో స్టేట్‌తో మ్యాచ్‌కు హార్బా సస్పెన్షన్‌లో ఉండగా, సహాయ కోచ్ షెరోన్ మూర్ జట్టును నడిపాడు; మిషిగన్ 30–24తో గెలిచింది. 2024 నుంచి పై స్థాయి జట్లలో దాడి పక్షాన ఒకరికి, డిఫెన్స్ పక్షాన ఒకరికి హెల్మెట్‌లో రేడియో అనుమతించారు. తరువాతి ఆట మొదలుపెట్టడానికి గడువు చూపే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో మూగబోతుంది. అక్కడినుంచి ప్రత్యర్థి అమరిక మారితే సర్దుకోవలసింది ఆటగాళ్లే.

డిఫెన్స్ తేల్చిన మ్యాచ్‌లు

1950 నవంబరు 25న కొలంబస్‌లో మంచు తుపాను మధ్య ఆడిన మ్యాచ్‌ను ‘స్నో బౌల్’ అంటారు. మిషిగన్ ఒక్క ఫస్ట్ డౌన్ కూడా, అంటే పది గజాలు దాటి కొత్త డౌన్‌లు, సాధించలేదు, విసిరిన ఒక్క పాస్ కూడా చేరలేదు. అయినా 9–3తో గెలిచింది. బంతి దగ్గరుంచుకోవడమే ప్రమాదమని రెండు జట్లూ కలిపి 45 సార్లు పంట్ చేశాయి, అంటే బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేశాయి. మిషిగన్ స్కోరంతా అడ్డుకున్న పంట్‌ల పుణ్యమే.

1968లో ఒహాయో స్టేట్ 50–14తో గెలిచింది. విజయం ఖాయమయ్యాక కూడా ఆ జట్టు కోచ్ వుడీ హేస్ చివరి టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) తరువాత మామూలుగా ఒక పాయింటుకు తన్నే బదులు రెండు పాయింట్ల ప్రయత్నం చేయించాడు. మరుసటి ఏడాది మిషిగన్ కోచ్‌గా వచ్చిన బో షెంబెక్లర్, ఒకప్పుడు హేస్ దగ్గర పనిచేసినవాడు, సాధనలో స్కౌట్ టీమ్ ఆటగాళ్లకు 50 అంకె ఉన్న జెర్సీలు తొడిగించాడు. మ్యాచ్‌లో మిషిగన్ డిఫెన్స్ ఆరు పాస్‌లను లాగేసుకుంది. వాటిలో మూడు బ్యారీ పియర్సన్‌వే. వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఒహాయో స్టేట్ 24–12తో ఓడిపోయింది. అంకెల జెర్సీల కథే ఎక్కువగా చెప్పుకుంటారు గానీ, హేస్ ఆలోచనా సరళి షెంబెక్లర్‌కు లోపలినుంచి తెలియడం అంతకన్నా పెద్ద విషయం. ఆ మ్యాచ్‌తో మొదలై 1978 దాకా సాగినది ‘పదేళ్ల యుద్ధం’గా పేరుపొందింది. అందులో స్కోర్లు చాలావరకు తక్కువే: 1971లో 10–7, 1973లో 10–10 డ్రా, 1974లో 12–10. 1972లో ఒహాయో స్టేట్ డిఫెన్స్ గోల్ గీత దగ్గరే మిషిగన్‌ను రెండుసార్లు నిలువరించి 14–11తో మ్యాచ్ దక్కించుకుంది.

ఇటీవలి కాలంలో ఎక్కువగా చర్చకు వచ్చేది 2018 మ్యాచ్. డాన్ బ్రౌన్ నడిపిన మిషిగన్ డిఫెన్స్ ఆనాటికి ప్రత్యర్థులకు ఇచ్చిన గజాల లెక్కలో దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. మ్యాన్ కవరేజ్, బ్లిట్జ్ దాని బలం. ఒహాయో స్టేట్ ఆ బలాన్నే గురిచేసుకుంది. రిసీవర్లు ఒకరికొకరు అడ్డంగా దాటుకుంటూ పరుగెత్తే ఎత్తుగడలతో వెంటాడే డిఫెండర్లను చిక్కుల్లో పడేసింది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ ఆరు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, స్కోరు 62–39. మరుసటి ఏడాది కూడా 56–27తో మిషిగన్‌కు అదే గతి పట్టింది.

2021కి మిషిగన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని బాల్టిమోర్ రేవెన్స్ జట్టు నుంచి మైక్ మెక్‌డొనాల్డ్‌ను డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా తెచ్చుకుంది. అతని పద్ధతిలో ముఖ్యం అమరిక అబద్ధం చెప్పడం. బంతి కదలకముందు కనిపించే కవరేజ్ ఒకటి, కదిలాక ఏర్పడేది వేరొకటి. దాడికి వచ్చేది నలుగురే అయినా ఏ నలుగురో క్వార్టర్‌బ్యాక్‌కు అంతు చిక్కదు. ఒహాయో స్టేట్ పాస్‌లతో గజాలు బాగానే సంపాదించింది. అయితే మిషిగన్ ఆటగాడు ఏడెన్ హచిన్సన్ మూడుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు, పరుగు ఆట ఎక్కడా సాగలేదు. 42–27తో మిషిగన్ ఎనిమిది వరస ఓటములకు తెరదించింది.

2022లో పాఠం ఒహాయో స్టేట్‌ వంతు అయింది. కోఆర్డినేటర్ జిమ్ నోల్స్ పరుగును ఆపడానికి మనుషుల్ని ముందుకు తెచ్చాడు. మిషిగన్ ప్రధాన రన్నర్ బ్లేక్ కోరమ్ గాయంతో రెండుసార్లే బంతి మోశాడు. విరామానికి ఒహాయో స్టేట్ 20–17 ఆధిక్యంలో ఉంది కూడా. అయితే వెనుక మిగిలిన ఖాళీలకు 69, 75, 45 గజాల పాస్‌లు, 75, 85 గజాల పరుగులు టచ్‌డౌన్‌లయ్యాయి. చాలాసార్లు బాగానే ఆపిన డిఫెన్స్ అయిదు సందర్భాల్లో మ్యాచ్ మొత్తం పోగొట్టుకుంది. తుది స్కోరు 45–23.

2024లో కొలంబస్‌లో మిషిగన్ దాదాపు 20 పాయింట్ల తేడాతో ఓడుతుందని పందెం లెక్కలు చెప్పాయి. ప్రధాన కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ గాయంతో ఆడలేదు. మిషిగన్ కోఆర్డినేటర్ వింక్ మార్టిన్‌డేల్ డిఫెన్స్‌కు ఉన్న గట్టి ఆధారం లైన్ మధ్యలోని మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్. గాయాలతో దాడి పక్షాన ఇద్దరు లైన్‌మెన్‌ను అప్పటికే కోల్పోయిన ఒహాయో స్టేట్, మేటి రిసీవర్లు ఉండగానే, పదే పదే ఆ ఇద్దరి మీదికే పరుగెత్తింది. మొత్తం 77 గజాలే దక్కాయి. రెండు పాస్‌లు మిషిగన్ చేతికి చిక్కాయి, వాటిలో ఒకటి గోల్‌కు చేరువలో విసిరినది. ఆట ముగియడానికి 45 సెకన్లు ఉండగా డొమినిక్ జ్వాడా బంతిని స్తంభాల మధ్యకు తన్ని సాధించిన ఫీల్డ్ గోల్‌తో మిషిగన్ 13–10తో గెలిచింది. అలా ఓడిన ఒహాయో స్టేటే ఆ సీజన్ చివర జాతీయ ఛాంపియన్ అయింది.

ఆ తరువాత నోల్స్ పెన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ డిఫెన్స్‌ను నడిపిన మాట్ పట్రీషియా అతని స్థానంలో వచ్చాడు. 2025 నవంబరులో ఆన్ ఆర్బర్‌లో ఒహాయో స్టేట్ 27–9తో గెలిచింది. మిషిగన్‌కు వచ్చిన తొమ్మిది పాయింట్లూ మూడు ఫీల్డ్ గోల్స్‌వే.