పద్నాలుగేళ్లకు పెళ్లి, హైకోర్టులో న్యాయపీఠం

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ అమరేశ్వరి గారికి పద్నాలుగేళ్ల వయసులో పెళ్లయింది. 1928 జులై 10న అప్పటి గుంటూరు జిల్లా అప్పికట్లలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టిన పిల్ల ఆమె. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఈ రోజు నల్లమల అంచున ఉన్న మా లింగాలలో అలాంటి పెళ్లి తలపెడితే అధికారులు పందిట్లోకి వచ్చి ఆపుతారు. ఆ రోజుల్లో మాత్రం అది చట్టం ఒప్పుకున్న పెళ్లే. 1929లో చేసి 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టిన శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండాలంది. ఆ మాత్రం వయసు పెట్టినందుకే దేశమంతా గగ్గోలు పుట్టింది. చట్టం అమలయ్యేలోగా ముహూర్తాలు వెతుక్కుని పసిపిల్లలకు తాళ్లు కట్టించారు. ఆ తర్వాత గోదావరి జిల్లాల వాళ్లు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది. మా నల్లమల అంచు ఊళ్లకు యానాం అవసరమే లేకపోయింది. అప్పుడు లింగాల నైజాం రాజ్యంలో ఉంది, శారదా చట్టమేమో బ్రిటిష్ ఇండియాకు చేసింది.

నేను లింగాలలో పుట్టి పెరిగి, అచ్చంపేట కోర్టులో వకీలుగా పనిచేస్తున్నదాన్ని. మనోవర్తి, గృహహింస, బాల్యవివాహం, పసిపిల్లల కేసులు ఎక్కువగా నా దగ్గరికి వస్తాయి. అమరేశ్వరి గారి పేరు పోటీపరీక్షల పుస్తకాల్లో ఒక బిట్టు ప్రశ్నగా మిగిలిపోవడం నాకు కష్టంగా ఉంటుంది. 'ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి ఎవరు?' నాలుగు పేర్లలో ఒకదానికి టిక్కు పెట్టి పిల్లలు ముందుకు పోతారు. పెళ్లినాటి నుంచి పీఠం దాకా మధ్యలో గడిచిన ముప్పై అయిదేళ్ల పైచిలుకు కాలం ఎవరికీ పట్టదు. నాకు ఆ కాలమే ముఖ్యం.

చదువు పెళ్లితో ఆగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. పట్టా అందుకున్నారు, న్యాయశాస్త్రం చదివారు, 1948లో మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యారు. ఆ ఏడాది బరువు తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1916లో కలకత్తాలో రెజీనా గుహ వకీలుగా నమోదు చేయమని అడిగితే హైకోర్టు కాదంది. 1921లో పట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జవాబు. లా పట్టా చేతిలో ఉంది, పరీక్ష గట్టెక్కారు, ఆడవాళ్లు కావడమొక్కటే అడ్డం. ఆ అడ్డు తీసేస్తూ 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. దాని తర్వాత నిండా పాతికేళ్లకు అమరేశ్వరి గారు నల్లకోటు వేసుకున్నారు. చట్టం తలుపు తీసిందే గాని, లోపల కూర్చోబెట్టి కేసుల కట్ట చేతిలో పెట్టేవాళ్లు ఎవరు? కక్షిదారు తన పొలం తగాదానో హత్య కేసునో ఒక ఆడమనిషి చేతికి అప్పజెప్పాలంటే నమ్మకం కుదరాలి. జూనియర్‌గా ఉన్న రోజుల్లో నా ముందే 'పెద్ద వకీలు సారు ఎప్పుడొస్తడమ్మా?' అని అడిగినవాళ్లున్నారు. నాకంటే ఎన్నో ఏళ్ల ముందు, జిల్లా కోర్టు కాదు, ఏకంగా హైకోర్టులో నిలబడిన మనిషి ఎంత ఓర్పు పట్టి ఉంటారో నేను ఊహించగలను.

తెలుగువాళ్ల హైకోర్టు కూడా అప్పట్లో ఒకచోట కుదురుగా లేదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో గుంటూరులో పెట్టారు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే హైదరాబాదుకు వచ్చి, మూసీ ఒడ్డున నిజాం కట్టించిన ఎర్రరాతి గుమ్మటాల భవనంలో కుదురుకుంది. 1920లో ఆ భవనాన్ని ప్రారంభించింది ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. మా పాలమూరు పాత వకీళ్లు ఉర్దూలో వాదించి పెరిగినవాళ్లు. పేషీ, వకాలత్, ముద్దాయి, ఫిర్యాది, కచ్చేరి అనే మాటలు మా నోళ్లలో మిగిలింది అందుకే. మద్రాసు ఇంగ్లీషులో తయారైన కోస్తా వకీళ్లు, ఉర్దూ కోర్టుల నుంచి వచ్చిన తెలంగాణ వకీళ్లు ఒకే బార్‌లో కలిసిన కాలమది. అలాంటి కాలంలో అమరేశ్వరి గారు 1960-61లోనూ, మళ్లీ 1975-76లోనూ న్యాయవాదుల సంఘాల్లో ఉపాధ్యక్షురాలిగా పనిచేశారు. పీఠం సంగతి కంటే నేను పెద్దగా చూసే విషయం ఇది. న్యాయమూర్తి పదవి పైనుంచి వస్తుంది. సంఘంలో పదవి తోటివాళ్ల ఆదరణ లేకుండా రాదు. 1960లో ఆ తోటివాళ్లలో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంటే పక్క బల్ల దగ్గర కూర్చుని ఆమె వాదన విన్న మగవకీళ్లే ఆమెను మా మనిషి అనుకున్నారు. రాష్ట్ర మహిళా న్యాయవాదుల సమాఖ్యకూ ఆమె అధ్యక్షురాలయ్యారు. తాను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్న మనిషి కాదన్నమాట.

1978 ఏప్రిల్ 29న ఆమె ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. దేశంలో అంతకుముందు కేరళలో అన్నా చాందీ 1959లోనే హైకోర్టు పీఠం ఎక్కారు. మన దగ్గరికి ఆ మార్పు రావడానికి మరో పందొమ్మిదేళ్లు పట్టింది. సుప్రీంకోర్టు ఇంకా వెనక; అక్కడ 1989 అక్టోబరులో ఫాతిమా బీవీ గారితో మొదలైంది.

ఆ 1978 వేసవిలో హైదరాబాదు ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి. మార్చి చివర్లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. ఆమె పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. అయినా నేను వకీలును, బాధితురాలి పేరు రాయను. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు, జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ పోలీసుల తప్పు పట్టింది. కేసు మాత్రం కర్ణాటకకు బదిలీ అయి, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఒక ఆడమనిషి మాట ఠాణాలో చెల్లకపోతే ఎక్కడ చెల్లుతుందని రాష్ట్రమంతా అడుగుతున్న నెలలోనే, రాష్ట్రపు పెద్ద కోర్టులో మొదటిసారి ఒక మహిళ కూర్చున్నారు. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం కట్టడం లేదు. కాని ఆ రోజుల్లో పేపరు చదివిన ఆడవాళ్లకు రెండు వార్తలూ ఒక్క మనసులోకే వెళ్లి ఉంటాయి.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. పార్లమెంటు శారదా చట్టాన్ని సవరించి ఆడపిల్ల పెళ్లి వయసు 18కి, మగపిల్లవాడిది 21కి పెంచింది. అక్టోబరు 1 నుంచి అమలు. ఆమె పీఠం ఎక్కిన అయిదు నెలలకు, ఆమె పెళ్లి జరిగిన వయసు చట్టం దృష్టిలో పూర్తిగా పసితనమైపోయింది. ఇది ఆమె చేసిన చట్టం కాదు, ఆమె ఇచ్చిన తీర్పూ కాదు. ఒక మనిషి జీవితకాలంలో నేల ఎంత జరిగిందో చూపడానికి నాకు ఇంతకన్నా మంచి కొలత దొరకలేదు.

తొలి మహిళ గురించి రాసేటప్పుడు ఆ కాలంలో ఆడవాళ్లకు జరిగిన మేలంతా ఆమె ఖాతాలో వేసే అలవాటు మనకుంది. అది ఆమెకు గౌరవం కాదు. ఇష్టంలేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆజ్ఞాపించడం రాజ్యాంగ విరుద్ధమని 1983లో ఇదే హైకోర్టులో సరిత కేసులో తీర్పు రాసింది జస్టిస్ పి.ఎ. చౌదరి. మరుసటి ఏడే సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోకపోయినా, ఆ తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో శాసనసభ; అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, దేశమంతటికీ ఆ హక్కు రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. న్యాయం ఆడవాళ్ల చేతుల్లోనే ఉంటుందని నేను అనను. కాని పీఠం మీద ఎవరు కూర్చున్నారన్నది బోనులో నిలబడ్డ మనిషి గొంతును మారుస్తుందని మాత్రం నిక్కచ్చిగా చెబుతాను. నేను చూసిన సంగతి గనుక చెబుతున్నాను.

ఒకసారి మనోవర్తి కేసులో మా మండలం మనిషే సాక్ష్యం చెబుతోంది. బంట్రోతు మూడుసార్లు పేరు పిలిస్తే గాని ముందుకు రాలేదు. బోను కర్ర పట్టుకుని తల దించుకుని నిలబడింది. ఆమె కూలికి పోయి బాగానే సంపాదిస్తోంది, మనోవర్తి ఎందుకని ఎదుటి వకీలు వాదన. 'సంపాయిస్తవా?' అని ఆయన అడిగితే 'సంపాయిస్త సారూ' అంది, అబద్ధం ఆడటం రాక. ఆ ఒక్క మాటతో కేసు పోయినట్టే అనుకున్నాను. పీఠం మీద ఉన్న జూనియర్ సివిల్ జడ్జి మేడం కలం పట్టుకుని నెమ్మదిగా అడగడం మొదలుపెట్టారు. పత్తి ఏరితే కిలోకు ఎంత ఇస్తారు? రోజుకు ఎన్ని కిలోలు ఏరగలవు? పత్తి ఎన్ని నెలలుంటుంది? ఎండాకాలం ఏం పని దొరుకుతుంది? పనికి పోయినప్పుడు పిల్లను ఎవరి దగ్గర విడిచిపెడతావు? ఆమె తలెత్తింది. ఒక్కొక్క జవాబుకూ గొంతు పెరిగింది. మొదటి ఏరుడుకు ఒక రేటు, చివరి ఏరుడుకు ఒక రేటు అని, చివరి దాంట్లో వేళ్లు చీరుకుపోతాయని, తూకంలో కొంత పోతుందని వివరంగా చెప్పింది. మేడం అంతా రాయించారు. ఏడాది మొత్తానికి లెక్క కట్టేసరికి 'బాగానే సంపాదన' అన్న వాదన నిలవలేదు. ఈ ప్రశ్నలు అడిగిన మగ జడ్జీలనూ నేను చూశాను, వాళ్లకు నా నమస్కారం. కాని అలా తల ఎత్తి చెప్పిన ఆడవాళ్లను, ఎదురుగా ఆడమనిషి కూర్చున్నప్పుడే ఎక్కువగా చూశాను.

అమరేశ్వరి గారు కూర్చున్న కోర్టులోనే తర్వాత పనిచేసిన జస్టిస్ టి. మీనాకుమారి 2013లో మేఘాలయ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. విశాఖలో పుట్టిన జస్టిస్ జి. రోహిణి 2014 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అక్కడ ఆ పదవిలో ఆమె మొదటి మహిళ. 2019 జనవరి 1న తెలంగాణకు వేరే హైకోర్టు వచ్చింది. మూసీ ఒడ్డున అదే పాత భవనంలో 2021 జనవరిలో జస్టిస్ హిమా కోహ్లీ తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నారు, ఆగస్టు ఆఖరున సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ అక్టోబరులో ఏడుగురు కొత్త న్యాయమూర్తులు ప్రమాణం చేస్తే నలుగురు మహిళలే. అమరేశ్వరి గారు ఈ రోజులు చూడలేదు. 2009 జులైలో కన్నుమూశారు.

ఈ వరసంతా న్యాయసేవాధికార సంస్థ తరఫున మా మండలం బడులకు వెళ్లినప్పుడు చెబుతాను. ఆడవాళ్లకు, దళితులకు, ఆదివాసులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే వకీలును పెట్టాలన్న 1987 నాటి చట్టం ఉంది, దాని గురించి చెప్పడమే అసలు పని. కాని ముందు అప్పికట్ల పిల్ల కథ చెబుతాను. ఒకసారి అప్పాపూర్ వైపు చెంచుపెంట, అంటే చెంచుల గూడెం నుంచి వచ్చి చదువుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్ల లేచి, 'పద్నాలుగేండ్లకే పెండ్లయితే మల్ల సదువెట్ల సదివింది మేడం?' అంది. చదువు ఆపనివ్వలేదు కాబట్టి చదివారని చెప్పాను. పిల్ల కూర్చోలేదు. 'మాకట్ల ఆపకుంట ఉంటరా?' అని మళ్లీ అడిగింది.

అప్పుడు నల్లబల్ల మీద అంకెలు రాశాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అని ముందు రాశాను, పిల్లలు ఎవరైనా ఫోను చేయొచ్చు, పైసా పడదు. పెళ్లి జరగబోతోందని తెలిస్తే మెజిస్ట్రేటు 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద ఆపమని ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వు ఉండగా కట్టిన తాళి పెళ్లి కింద లెక్కకే రాదు. ఉత్తర్వు లేకుండా జరిగిపోయినా దారి మూసుకుపోలేదు. 3వ సెక్షన్ కింద ఆ పిల్లే జిల్లా కోర్టుకు వెళ్లి పెళ్లి రద్దు చేయమని అడగొచ్చు, పద్దెనిమిది నిండాక రెండేళ్లలోపు, అంటే ఇరవై నిండేదాకా. మైనరైతే సంరక్షకులు, బాల్యవివాహాల నిషేధ అధికారి కలిసి పిటిషన్ వేస్తారు. 4వ సెక్షన్ కింద, మళ్లీ పెళ్లయ్యేదాకా మనోవర్తి కూడా అడగొచ్చు. వయసుకు రుజువుగా బడి సర్టిఫికెట్ మొదట చూస్తారు, అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. పెంటల్లో పుట్టిన పిల్లలకు చాలామందికి పుట్టిన పత్రం ఉండదు, అందుకే బడి రిజిస్టరులో తేదీ సరిగా పడిందో లేదో ఈ రోజే చూసుకోమని చెప్పాను. జిల్లా కోర్టు ఎక్కడుందని ఇంకో పిల్ల అడిగింది. చాలాకాలం ప్రధాన జిల్లా న్యాయమూర్తి కొలువు మహబూబ్‌నగర్‌లోనే ఉండేదని, 2022 జూన్ నుంచి మన నాగర్‌కర్నూల్‌లోనే ఉందని చెప్పి, దాన్ని కూడా బల్ల మీద రాశాను. పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. టీచరమ్మ రిజిస్టరు తెప్పించి, తొమ్మిదో తరగతి పేజీ తీసి, ఒక్కొక్కరిని పిలిచి పుట్టిన తేదీ సరిచూడటం మొదలుపెట్టింది.