కర్త కనబడని వార్తలు

రాయ్‌పూర్ శివారులోని ఉర్లా పారిశ్రామికవాడ పేరు దూరప్రాంతాల పాఠకుల చెవిన కూడా పడింది 1990-91లో. శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా భిలాయి, కుమ్హారి, ఉర్లా, టెడేసరా ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన రోజులవి. వాళ్లడిగింది పర్మనెంటు ఉద్యోగం, బతకడానికి సరిపోయే జీతం, తీసేసినవాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోవడం. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, నిద్రపోతున్న నియోగిని భిలాయిలో కాల్చి చంపారు. 1992 జులై 1న, అదే భిలాయిలో, రైలు పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపి 16 మందిని చంపారు.

ఈ చివరి వాక్యాన్నే మన డెస్కుల్లో అలవాటైన వరసలో రాసి చూడండి: 'ఆందోళన అదుపు తప్పడంతో పోలీసులు కాల్పులు జరపాల్సి వచ్చింది. ఈ ఘటనలో 16 మంది మృతి చెందారు.' అంకె మారలేదు, తేదీ మారలేదు. కానీ 'జరపాల్సి వచ్చింది' అనగానే పోలీసులు నిస్సహాయులయ్యారు. 'ఘటన' అనగానే దానికి కారకులు లేకుండా పోయారు. రెండో వాక్యంలో మిగిలిన కర్తలు చచ్చిపోయినవాళ్లే. సంఘర్షణ వార్తల్లో పక్షపాతాన్ని వెతికేవాళ్లు 'దుశ్చర్య', 'ఘాతుకం' లాంటి మాటల దగ్గరే ఆగిపోతారు. వాటిని పాఠకుడు ఇట్టే పసిగడతాడు. అసలు పని జరిగేది క్రియ దగ్గర, అదీ చడీచప్పుడు లేకుండా. నూరేళ్లకు పైబడిన మన పత్రికల చరిత్రను వెనుదిరిగి చూస్తే ఈ అలవాటు ఎలా పాతుకుపోయిందో తెలుస్తుంది.

1931లో రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం పూర్తయ్యాక తెలుగువాళ్లకు ఛత్తీస్‌గఢ్ గడ్డతో రాకపోకలు సులువయ్యాయి. ఇక్కడి తెలుగు పాఠకుడికి రెండు పత్రికా సంప్రదాయాలు అందుబాటులో ఉన్నాయి. హిందీలో 1900లో పెండ్రా నుంచి మాధవరావు సప్రే తెచ్చిన 'ఛత్తీస్‌గఢ్ మిత్ర', 1959లో రాయ్‌పూర్‌లో మాయారామ్ సుర్జన్ మొదలుపెట్టిన పత్రిక, నేటి 'దేశబంధు'. తెలుగులో 1902 నాటి కృష్ణాపత్రిక, 1908 నాటి ఆంధ్రపత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన గోలకొండ పత్రిక. ఆ తరం సంపాదకులు తాము ఎటు నిలబడ్డారో దాచుకోలేదు. తటస్థత ముసుగు వేసుకోని ఆ నిజాయితీ నాకిష్టం.

ముసుగు 1948కల్లా కనిపిస్తుంది. ఆ ఆగస్టులో హైదరాబాదు విలీనాన్ని సమర్థించినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపారు. నెల తిరగకముందే భారత సైన్యం ట్యాంకులతో రాష్ట్రంలోకి దిగింది. ప్రభుత్వం దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టింది. పత్రికలు ఆ పేరునే పట్టుకున్నాయి, పాఠ్యపుస్తకాలూ పట్టుకున్నాయి. అనంతర హత్యాకాండపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. పాలకులు పెట్టిన పేరును పత్రికలు తమ పేరుగా వాడుకోవడం అప్పటి నుంచీ మామూలైపోయింది.

శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమ కాలంలో అది అచ్చు పోసినట్టయింది. 1970 జులైలో ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయిన వార్త మొదలు, 'ఎదురుకాల్పులు', 'ఆత్మరక్షణ', 'చీకట్లో తప్పించుకున్నారు' వంటి మాటలతో ఒక మూస స్థిరపడింది. ఊరి పేరు, అంకె మారిస్తే చాలు. ఎమర్జెన్సీ ముగిశాక 1977లో తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై విచారించింది. 2009 ఫిబ్రవరిలో ఉమ్మడి హైకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావలసిన సంగతి అని చెప్పింది. (సుప్రీంకోర్టు ఆ తీర్పును తర్వాత నిలిపేసింది.) కోర్టు రుజువు కోరినదాన్ని విలేకరులు నలభై ఏళ్లుగా మొదటి పేరాలో నిజంగా రాస్తూ వచ్చారు.

మూస వాడింది పోలీసు కథనాలకే కాదు. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు దళితుల హత్యాకాండలు. ఇలాంటి వాటిని 'ఇరువర్గాల ఘర్షణ' అనడం మన పత్రికలకు పాత అలవాటు. తరిమినవాడినీ తరమబడినవాడినీ ఆ ఒక్క సమాసం సమానం చేసేస్తుంది. 2009-14 మధ్య తెలంగాణ విషయంలో ఒకే పరిణామం 'రాష్ట్ర ఏర్పాటు'గా ఒకచోట, 'విభజన'గా ఇంకోచోట అచ్చయింది.

బస్తర్ దగ్గర ఆగాలి. 2005లో సల్వా జుడుం మొదలైనప్పుడు అది మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసులు తమంతట తాము లేచిన ఉద్యమమని ప్రభుత్వం చెప్పింది. ఎంతోకాలం వార్తలూ అదే చెప్పాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా నియమించి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య నలిగినవాడు బీజాపూర్ జిల్లా బాసగూడ విలేకరి సాయిరెడ్డి. 'దేశబంధు'కు రాసేవాడు. 2008లో ప్రభుత్వం ఆయన్ను మావోయిస్టుల మనిషని ప్రత్యేక భద్రతా చట్టం కింద జైల్లో పెట్టింది. 2013 డిసెంబరు 6న బాసగూడలో మావోయిస్టులే ఆయన్ను చంపారు. సర్కారుకు 'సానుభూతిపరుడు' ఎలాంటి ముద్రో, వీళ్లకు 'ఇన్‌ఫార్మర్' అలాంటి ముద్ర. 'ప్రజాకోర్టు శిక్షించింది' అన్న ప్రకటనలోనూ గొడ్డలి పట్టిన చెయ్యి కనబడదు. ఉద్యమం పట్ల గౌరవం ఉన్నవాళ్లు ఈ వాక్యాన్నీ అంతే గట్టిగా నిలదీయాలి.

2016లో ఎడిటర్స్ గిల్డ్ బృందం బస్తర్ వెళ్లి వచ్చి, భయమూ ఒత్తిడీ లేకుండా పనిచేస్తున్నానని చెప్పగలిగిన విలేకరి ఒక్కరూ తమకు తారసపడలేదని రాసింది. డెస్కులో కూర్చుని వాక్యనిర్మాణాన్ని తప్పుపట్టే నాలాంటివాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు. సుక్మాలోనో బీజాపూర్‌లోనో 'పోలీసులు చంపారు' అని గానీ 'మావోయిస్టులు చంపారు' అని గానీ రాసే కుర్రాడు మర్నాడు అదే దారిన బండి నడపాలి. 'పోలీసుల కథనం ప్రకారం' అన్న మాటను వాక్యం చివర కాక మొదట పెట్టడం మాత్రం డెస్కు చేతిలోని పనే. దానికి ప్రాణభయం లేదు.

2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయాడు. మొత్తం 27 మంది మావోయిస్టులు హతమయ్యారని కేంద్ర హోంమంత్రి ప్రకటించారు. జాతీయ చానెళ్లకు కేశవరావు తల మీది వెల వార్త అయింది. తెలుగు పత్రికలు ఆయన సొంతూరు శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకూ, ఆయన చదివిన వరంగల్ ఇంజినీరింగు కాలేజీకీ వెళ్లాయి. మిగతా 26 మందికీ ఏదో ఒక ఊరుంది.