గాలి పోతే ఆగే బండి

తెల్లవారుజామున లారీ స్టార్ట్ చేయగానే బజర్ మోగుతుంది. గాలి మీటరు ముల్లు మెల్లగా పైకెక్కుతుంది. ట్యాంకులు నిండి బజర్ ఆగేదాకా డ్రైవరు బండి కదపడు. ఈ ఎదురుచూపుకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది, అది రైలు పట్టాల మీద మొదలైంది.

అప్పట్లో అమెరికాలో గూడ్సు రైలు ఆగాలంటే మనుషులు పెట్టెల కప్పుల మీద పరుగెత్తి ఒక్కో బ్రేకు చక్రం తిప్పాలి. జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. 1869లో ఇరవైరెండేళ్ల జార్జ్ వెస్టింగ్‌హౌస్, ఇంజను నుంచి గొట్టంలో గాలి పంపి అన్ని పెట్టెలకూ బ్రేకు వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అయితే గొట్టం తెగితే బ్రేకే లేదు.

1872లో దాన్ని ఆయనే తిరగేశాడు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. ప్రతి పెట్టెకూ సొంత గాలి ట్యాంకు. గొట్టంలో ఎప్పుడూ నిండుగా గాలి. గొట్టంలో ఒత్తిడి పడిపోయిందా, ట్యాంకులో గాలి బ్రేకు వేసేస్తుంది. రైలు తెగినా రెండు ముక్కలూ ఆగుతాయి.

అయినా అందరూ ఇలాంటి బ్రేకు పెట్టుకోలేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, సండే స్కూలు విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. సిబ్బంది దాన్ని రెండుగా విడదీశారు. విడదీయగానే వెనక పెట్టెల వాక్యూమ్ బ్రేకు, అంటే గొట్టంలో గాలి లాగేసి వేసే బ్రేకు, వదిలేసింది. చక్రాల కింద రాళ్లు పెట్టినా నిలవక, అవి వాలులో వెనక్కి దొర్లి, వెనకాలే వస్తున్న రైలును గుద్దాయి. 80 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. తనంతట తాను పడే బ్రేకు ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి అంటూ అక్కడ చట్టం వచ్చింది ఆ ఏడాదే.

గాలి పోతే బ్రేకు పడాలనే ఆ ఆలోచన లారీలో స్ప్రింగుగా మారింది. గాలి స్ప్రింగును అణచి ఉంచుతుంది. గాలి పోతే అది విచ్చుకుని చక్రాన్ని బిగించేస్తుంది. కానీ అరిగిన బ్రేకు లైనరు సంగతి స్ప్రింగుకు తెలియదు. ముల్లు పైనే ఉంటుంది, బ్రేకు మాత్రం పట్టదు. పైగా, లోపలికి లాక్కున్న గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరై చేరుతుంది.

అందుకే మనిషి దిగాలి. ఇంజను ఆపి, బ్రేకు తొక్కిపట్టి, ముల్లు జారుతోందేమో చూడాలి. వంగి గొట్టాల దగ్గర బుస్సుమనే చప్పుడు వినాలి. లైనర్లు ఎంత మిగిలాయో చూసుకోవాలి. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే చోట తెరిస్తే ముందు తుప్పునీళ్లు చిమ్ముతాయి. ఉత్త గాలి వచ్చేదాకా మూయకూడదు.